చేతికి తగలని బిళ్ళ

హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ ఆసుపత్రి, ఆపరేషన్ థియేటర్. మీరు సర్జన్ భుజం మీదుగా చూస్తున్నారు. బల్ల మీదున్నది ఆటో డ్రైవరు, ఏళ్ల తరబడి గుట్కా నమిలిన మనిషి. నాలుక ఎడమ అంచున ఉన్న పుండును చుట్టూ సెంటీమీటరు మంచి కండతో సహా ఇప్పుడే తీసేశారు. ఇక మెడ. భుజాల కింద దిండు పెట్టి తల కుడికి తిప్పేసరికి ఎడమ మెడ నున్నగా సాగింది. నొక్కి చూసినా ఏమీ తగలదు.

నిన్న వార్డులో అతని భార్య అడిగిందీ అదే: “మెడల బిళ్ళలేం లేవన్నరు గద సార్, మరి మెడ కోసుడెందుకు?”

“స్కానుకు అందనంత చిన్నవి ఉండొచ్చమ్మా” అన్నారు సర్జన్.

పుండు 6 మిల్లీమీటర్ల లోతుకు దిగింది. అక్కడ సన్నని శోషరస నాళాలు అల్లుకుని ఉంటాయి. వాటి గోడ మందం ఒక్క కణమే, మధ్య మధ్య సందులు. క్యాన్సర్ కణం వాటిలోంచి దూరిపోగలదు. ఆ రసాన్ని నడిపించడానికి గుండె లేదు. నమిలినప్పుడూ మాట్లాడినప్పుడూ కదిలే కండరాలు దాన్ని మెడలోని లింఫ్ నోడ్లలోకి, అంటే ఆ బిళ్ళల్లోకి, నెట్టడానికి తోడ్పడతాయి.

దవడకు రెండు వేళ్ల కింద, చర్మం మడతలో కత్తి పడింది. పలచటి కండరాన్ని పైకి లేపగానే దారపు పోగంత నరం. “ఇది తెగితే నవ్వినప్పుడు మూతి వంకర పోతుంది” అంటూ దాన్ని పక్కకు తప్పించారు. మెడ నోడ్లను సర్జన్లు లెవెళ్లుగా లెక్కిస్తారు: దవడ కింది కొవ్వు, గ్రంథి లెవెల్ వన్. మెడ కండరాన్ని వెనక్కి లాగితే నీలంగా, వేలంత లావున పెద్ద సిర. వెంటిలేటర్ ఊపిరికి ఉబ్బుతూ తగ్గుతోంది. దాని వెంట పైనుంచి కిందికి లెవెల్ టూ, త్రీ, ఫోర్. నాలుక అంచు క్యాన్సర్ మామూలుగా మొదటి మూడింట్లో దిగుతుంది, ఎప్పుడో ఒకసారి తిన్నగా నాలుగుకు దూకుతుంది.

1906లో అమెరికన్ సర్జన్ జార్జ్ క్రైల్ వర్ణించిన పద్ధతి బాటలో సాగిన పాత ఆపరేషన్లలో ఈ కండరం, సిర, భుజాన్ని ఎత్తే నరం అన్నీ పోయేవి. ఇవాళ మూడూ మిగిలాయి. కొవ్వు మాత్రమే, లోపలి నోడ్లతో సహా, ఒకే ముద్దగా ఊడివస్తోంది. మెడ అడుగున అందరి చేతులూ నెమ్మదించాయి. ఎడమవైపు అక్కడే శోషరసాన్ని రక్తంలో కలిపే పెద్ద నాళం, థొరాసిక్ డక్ట్, ఉంటుంది. చిట్లితే పాలలాంటి ద్రవం కారుతుంది. లీకుంటే బయటపడేలా మత్తు డాక్టరు ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెంచి పట్టి ఉంచారు. అందరూ వంగి చూశారు. తడి లేదు.

“వేచి చూస్తే?” జూనియర్ అడిగాడు.

“ముంబయి టాటా మెమోరియల్ వాళ్లు 2015లో తేల్చారుగా. మొదటి ఆపరేషన్‌లోనే మెడ నోడ్లు తీయించుకున్నవాళ్లలో మూడేళ్లకు 80 శాతం బతికున్నారు. బిళ్ళ కట్టాక తీయిద్దామని ఆగినవాళ్లలో 67.5.”

ముద్దను లెవెళ్ల వారీగా విడదీసి, ఫార్మలిన్ డబ్బాల్లో వేసి, చీటీలు అంటించారు.

కొన్నాళ్లకు పెథాలజీ గది. మైక్రోస్కోపులో లెవెల్ టూ నోడ్. ఊదారంగు లింఫ్ కణాల నడుమ, కవచానికి ఆనుకునే, గులాబీ రంగు క్యాన్సర్ దిబ్బ. కొలిస్తే 3 మిల్లీమీటర్లు. మిగతా నోడ్లన్నీ శుభ్రం. పెథాలజిస్టు స్లైడును అంచు వెంట మెల్లగా జరుపుతూ కవచం మొత్తం చూశారు. ఎక్కడా చీలలేదు. చీలి ఉంటే రేడియేషన్‌కు కీమో కూడా తోడయ్యేది. ఇప్పుడు చికిత్సను నిర్ణయించే ట్యూమర్ బోర్డు ముందున్నది ఒక్కటే: రేడియేషన్ ఇవ్వాలా, వద్దా.