పౌరుడు కాదని చెప్పే అధికారం ఎవరిది?

1895లో శంకర్‌పల్లి రైల్వే స్టేషన్‌లో మహమ్మద్ యూసుఫుద్దీన్ అనే నిజాం ప్రజను అరెస్టు చేశారు. వారంటు ఎక్కడిదంటే, సిమ్లా మేజిస్ట్రేటుది. సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్‌కు పోయే దారిలో చిన్న స్టేషన్ శంకర్‌పల్లి. చుట్టూ ఉన్న ఊళ్లు, పొలాలు అన్నీ నిజాం ఏలుబడిలోవి. పట్టాలు పరిచిన నేల మీద మాత్రం న్యాయాధికారాన్ని నిజాం ప్రభుత్వం బ్రిటిషు వారికి అప్పగించింది. ప్లాట్‌ఫారం దిగి నాలుగడుగులు వేస్తే సిమ్లా వారంటు చిత్తు కాగితం. ప్లాట్‌ఫారం మీద ఉన్నంతసేపూ అది చెల్లుతుందని అరెస్టు చేసినవాళ్ల నమ్మకం.

కేసు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. 1897లో తీర్పు వచ్చింది. నిజాం ఇచ్చింది రైల్వే నిర్వహణకు అవసరమైనంత అధికారమే, రైలుతో సంబంధం లేని నేరానికి అక్కడ నిజాం ప్రజను పట్టుకోవడం చెల్లదు అన్నారు. యూసుఫుద్దీన్ నేరం చేశాడా లేదా అన్నది అక్కడ తేలవలసిన విషయం కాదు. అతన్ని పట్టుకునే హక్కు ఎవరికుంది అన్నదొక్కటే ప్రశ్న. తర్వాతి వందేళ్లలో ఈ జంటనగరాల్లో 'నువ్వెవరి మనిషివి' అనే తగాదా కోర్టుకెక్కిన ప్రతిసారీ వకీళ్లు దాదాపు ఇదే ప్రశ్నను పట్టుకున్నారు. గెలిచిన కేసులు చాలావరకు ఈ ప్రశ్నతోనే గెలిచారు.

సికింద్రాబాద్ పుట్టుకలోనే ఈ మెలిక ఉంది. 1798 సైన్య సహకార ఒప్పందం తర్వాత హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన బ్రిటిషు పటాలం దిగింది. 1806లో ఆ దండు బస్తీకి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. నేల నిజాంది, చట్టం బ్రిటిషు ప్రతినిధి అయిన రెసిడెంటుది. కంటోన్మెంటులో దుకాణం పెట్టుకున్న కోమటి, పటాలానికి సరుకు అందించిన ముదలియారు, బట్టలుతికిన చాకలి, అందరూ బ్రిటిషిండియా చట్టాల కింద బతికారు. అంతమాత్రాన అది బ్రిటిషు నేల కాదు. అక్కడ పుట్టిన బిడ్డకు ఆ పుట్టుక వల్లే బ్రిటిషు ప్రజ హోదా రాదు. సంస్థానాల ప్రజలు సముద్రం దాటి పోవాలంటే 'బ్రిటిషు రక్షణలో ఉన్న వ్యక్తి' అని రాసిన పాస్‌పోర్టు తీసుకునేవారు. ప్రజ వేరు, రక్షణలో ఉన్నవాడు వేరు. ఆ తేడా రోజువారీ బతుకులో కనపడదు. రేవులో అధికారి ముందు నిలబడ్డప్పుడు కనపడుతుంది. సికింద్రాబాద్ పట్టణ భాగం మళ్లీ నిజాం పాలనలోకి వచ్చింది 1945–46లో. కొత్త ఏర్పాటుకు జనం అలవాటు పడకముందే సంస్థానమే పోయింది.

నిజాం ప్రభుత్వం తనకంటూ ఒక కొలబద్ద తయారు చేసుకుంది. 1919 నాటి ముల్కీ నిబంధనలు కొలువుల కోసం చేసినవే అయినా, పరాయివాణ్ణి సొంతవాడిగా మార్చే పద్ధతి వాటిలో ఉంది. బయటి నుంచి వచ్చినవాడు పదిహేనేళ్లు ఇక్కడే స్థిరంగా ఉండాలి. పాత ఊరికి తిరిగి పోయే ఉద్దేశం వదులుకున్నానని నిర్ణీత ఫారంలో ప్రమాణపత్రం రాసి మేజిస్ట్రేటుతో ధ్రువీకరించుకోవాలి. ఇందులో రెండో షరతు నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. పదిహేనేళ్ల నివాసాన్ని ఇంటి కిరాయి రసీదులతో రుజువు చేయొచ్చు. పుట్టిన ఊరి మీద ఆశ చచ్చిపోయిందని ఏ రసీదు చెబుతుంది? అయినా ఆ కాలపు వకీళ్లకు ఈ ప్రమాణపత్రాలు రాయడం నిత్యకృత్యమే అయి ఉండాలి. ముల్కీ తగాదా 1952లో వీధికెక్కి, 1972లో సుప్రీంకోర్టులో నెగ్గి, 1973లో 32వ రాజ్యాంగ సవరణతో ముగిసింది. అదంతా వేరే కథ, తెలిసిన కథ.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగిసేసరికి హైదరాబాద్‌లో పరాయివాడు అన్న మాటకు అర్థం మారిపోయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి తరాల కింద వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బులు, రోహిల్లాలు, పఠాన్లు రాత్రికి రాత్రి విదేశీయులయ్యారు. అనేకమందిని నిర్బంధించారు, కొందరిని ఓడలెక్కించారు. ఇక్కడి స్త్రీలను పెళ్లాడి, ఇక్కడే పిల్లల్ని కని, బార్కస్‌లో ఇళ్లు కట్టుకున్నవాళ్ల సంగతి చిక్కుముడిగా మారింది. అదే సమయంలో సింధు నుంచి గెంటివేతకు గురైన కుటుంబాలు ఇటు వచ్చాయి. సికింద్రాబాద్ పీజీ రోడ్డు పక్కనున్న సింధీ కాలనీ దానికి గుర్తు. ఒకే నగరంలో ఒకరిని ఓడ ఎక్కిస్తూ మరొకరికి తలుపు తీశారు.

రాజ్యాంగం ఈ రెండు గుంపులకూ వేర్వేరు తూకాలు పెట్టింది. ఐదో అధికరణం ఇక్కడ స్థిరనివాసం ఉండి, ఇక్కడే పుట్టినవారినీ, తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ పుట్టినవారినీ, ఐదేళ్లకు తక్కువ కాకుండా ఇక్కడ ఉన్నవారినీ పౌరులంది. పాకిస్తాన్ ప్రాంతం నుంచి వచ్చినవారికి ఆరో అధికరణం. 1948 జులై 19కి ముందు వచ్చినవారికి ఇబ్బంది లేదు. ఆ తర్వాత వచ్చినవారు ఆరు నెలలు ఇక్కడ ఉండి పేరు నమోదు చేయించుకోవాలి. ఏడో అధికరణం కఠినమైనది. 1947 మార్చి 1 తర్వాత అటు వలస పోయినవాడు పౌరుడు కాడు, శాశ్వతంగా తిరిగి వచ్చేందుకు పర్మిట్ తెచ్చుకుంటే తప్ప. పర్మిట్లలో రకాలుండేవి. చుట్టపుచూపుగా వచ్చేందుకు ఒకటి, స్థిరపడేందుకు ఇంకొకటి. తొందరలో దొరికిన పర్మిట్ పట్టుకుని ఇల్లు చేరినవాడు తర్వాత చట్టం చేతికి చిక్కాడు.

1952 అక్టోబరులో పర్మిట్ల చోట పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. ఇక అసలు గొడవ ఇక్కడ మొదలైంది. అన్న పెళ్లికనో తండ్రి జబ్బుకనో కరాచీ పోయిన మనిషికి తిరిగి రావడానికి పాకిస్తాన్ పాస్‌పోర్టు తప్ప దారి దొరకకపోవచ్చు. దాని మీద ఇండియా వీసా వేయించుకుని తన సొంత ఇంటికి అతిథిగా వస్తాడు. వీసా గడువు తీరుతుంది. పోలీసు వచ్చి దేశం వదిలిపొమ్మంటాడు. పోనంటే విదేశీయుల చట్టం కింద కేసు. 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం ఇష్టపూర్వకంగా పరాయి దేశ పౌరసత్వం పుచ్చుకున్నవాడు ఇక్కడి పౌరసత్వం కోల్పోతాడు. ఈ సెక్షన్ కింద చేసిన నిబంధనల మూడో షెడ్యూలులో మూడో నిబంధన ఇంకో అడుగు ముందుకు వేసి, పరాయి పాస్‌పోర్టు తీసుకోవడమే ఆ పౌరసత్వం పుచ్చుకున్నాననడానికి తిరుగులేని రుజువంది.

విదేశీయుడు అన్న ముద్ర పడితే కోర్టులో వాదించడానికి మిగిలేది తక్కువ. విదేశీయుణ్ణి పంపేయడం ప్రభుత్వ ఇష్టమని సుప్రీంకోర్టు 1955లోనే హాన్స్ ముల్లర్ కేసులో చెప్పింది. పైగా రుజువు భారం మనిషిదే. అందుకని వకీళ్లు ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డారు: ముద్ర వేసింది ఎవరు? తొమ్మిదో సెక్షన్ రెండో ఉపసెక్షన్‌లో దానికి జవాబుంది. ఒకరు పరాయి పౌరసత్వం పుచ్చుకున్నారా, ఎప్పుడు, ఎలా అన్న వివాదం వస్తే నియమిత అధికారి నిర్ణయించాలి. నిబంధనల ప్రకారం ఆ అధికారి కేంద్ర ప్రభుత్వం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ అబ్దుల్ ఖాదర్‌కూ మధ్య నడిచిన కేసులో 1961లో సుప్రీంకోర్టు ఈ వాదాన్ని అంగీకరించింది. ఇక్కడ పుట్టినవాడు, పాకిస్తాన్ పాస్‌పోర్టుతో వచ్చినవాడు, వెళ్లమంటే వెళ్లలేదని మేజిస్ట్రేటు శిక్ష వేసినవాడు ఖాదర్. అతను పరాయి పౌరుడయ్యాడా అన్నది మేజిస్ట్రేటు తేల్చే విషయం కాదు, కేంద్రం తేల్చలేదు కనుక శిక్ష నిలవదు. మరుసటి ఏడు, 1962లో, రెండు తీర్పులు దగ్గరదగ్గరగా వచ్చాయి. ఇజార్ అహ్మద్ ఖాన్ కేసులో మూడో నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దీంతో ఖాదర్ లాంటివాళ్లకు దారి మూసుకుపోయినట్టే కనిపించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సయ్యద్ మహమ్మద్ ఖాన్ కేసు వెంటనే వచ్చి దాన్ని సరిదిద్దింది. హైకోర్టులో ఓడిన రాష్ట్రం అపీలు చేసింది. పాస్‌పోర్టు రుజువే కావచ్చు, కానీ ఆ రుజువును చూసి తీర్పు చెప్పవలసింది కేంద్రం. అది చెప్పేదాకా రాష్ట్ర ప్రభుత్వం ఆ మనిషిని విదేశీయుడిగా చూడటానికి వీల్లేదని ధర్మాసనం తేల్చింది. 1965లో మహమ్మద్ అయూబ్ ఖాన్ కేసులో ఇంకొక మెట్టు చేరింది. పాస్‌పోర్టు బలవంతం మీదనో మోసం వల్లనో తీసుకున్నానని చెప్పుకునే అవకాశం మనిషికి ఇవ్వాలి.

ఈ తీర్పులను పౌరసత్వ విజయాలుగా కీర్తించడం పొరపాటని నా అభిప్రాయం. వీటిలో ఏ కోర్టూ ఈ మనిషి మనవాడే అని చెప్పలేదు. సంతకం సరైన చేతి నుంచి రావాలి, అంతకుముందు ఈయన మాట వినాలి అన్నదే చెప్పింది. కేంద్రం విని, కాదంటే కథ అక్కడితో అయిపోవచ్చు. అయినా కేంద్రం తేల్చేదాకా మధ్యలో దొరికిన వ్యవధి చిన్నది కాదు. ఒక ఇంటాయన ఊళ్లో ఉండి పిల్లల చదువు కానిచ్చుకునే కాలం అది.

ఆనాటి ఫైలు ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు, ఈనాటి ఫైలూ అంతే గనక. మున్సిపాలిటీ పుట్టుక రిజిస్టరు నకలు, బడి బోనాఫైడ్, టీసీ, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు, ఓటరు జాబితాలో పేరున్న పేజీ. ఒక దాంట్లో పేరు 'ఖాదర్', ఇంకో దాంట్లో 'ఖాదిర్'. వకీలు చేసే పనిలో సగం ఈ రెండు పేర్లూ ఒకరివేనని ప్రమాణపత్రం రాయడం.

1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసు తర్వాత పాస్‌పోర్టు ప్రభుత్వ దయ కాక చట్టప్రకారం దొరికే వస్తువయింది. గల్ఫ్ దారి తెరుచుకున్నాక కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకు సికింద్రాబాద్ అంటే పాస్‌పోర్టు ఆఫీసు. ప్రాంతీయ కార్యాలయం ఇప్పటికీ ఇక్కడే. రెండు దేశాల మధ్య ఎవరి మనిషో తేలని పాత తగాదా మాత్రం అప్పుడప్పుడు పెద్దవాళ్ల తలుపూ తడుతుంది. వేములవాడ మాజీ శాసనసభ్యుడు చెన్నమనేని రమేష్ పౌరసత్వాన్ని కేంద్రం 2017లో రద్దు చేస్తే, హైకోర్టు మళ్లీ పరిశీలించమంది. కేంద్రం 2019లో మళ్లీ రద్దు చేసింది. దాని మీద వేసిన పిటిషన్‌ను హైకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. దరఖాస్తుకు ముందు ఏడాది ఎక్కడున్నారు అన్నదే అక్కడా పీటముడి. బాలాపూర్ గుడిసెల్లో ఉన్న రోహింగ్యాలకు అంత పొడవైన దారి లేదు. 1951 శరణార్థుల ఒడంబడికపై మన దేశం సంతకం చేయలేదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వారి విషయంలో చెప్పిందీ పాత మాటే, పద్ధతి పాటించకుండా పంపకూడదని.

పాత విదేశీయుల చట్టం పోయి, 2025 సెప్టెంబరు 1 నుంచి వలస, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. రుజువు భారం ఎప్పటిలాగే మనిషి మీదే ఉంది. న్యాయసేవల చట్టం కింద స్త్రీలకూ, నిర్బంధంలో ఉన్నవారికీ వకీలు ఉచితంగా దొరుకుతాడు. పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ రెండో ఉపసెక్షన్ ఇంకా పుస్తకంలో ఉంది. దేశం విడిచి పొమ్మని మీ చేతికో, మీ పొరుగువాడి చేతికో నోటీసు వస్తే, కంగారు పడేముందు కింద ఎవరి సంతకముందో చదవండి.