మా చెల్లి ఎనిమిదో తరగతి పాఠంలో మనం ఎక్కడున్నాం?

పోస్టు పెద్దదే, ముందే చెప్తున్నాను. ఇంట్లో ఏడు, ఎనిమిది చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నవాళ్లు మాత్రం ఆఖరు దాకా చదవండి. ఎందుకంటే ఇది వాళ్లు వచ్చే టర్ములో చదవబోయే పాఠం గురించి.

వేసవి సెలవులకి ఊరెళ్లాను. మా చెల్లి ఆశ్రమ పాఠశాలలో ఏడు పూర్తి చేసింది. జూన్ 12న బడి తెరిస్తే ఎనిమిది. ముందే చూసుకుందామని పై తరగతి అమ్మాయి దగ్గర సోషల్ పుస్తకం అడిగి తెచ్చుకుంది. ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది నేనే మొదలు కాబట్టి ఏ డౌటు వచ్చినా నా దగ్గరికే వస్తాది. డిగ్రీలో నాది హిస్టరీ కూడా.

అందులో ఆదివాసుల మీద ఒక పాఠం ఉంది. బిర్సా ముండాతో మొదలవుతుంది. రెండు మూడు పేజీలు తిప్పితే ఒడిశా అడవుల్లో ఖోండుల గురించి రాశారు. అందరూ కలిసి వేటకి వెళ్లేవారు, మాంసం పంచుకునేవారు, దుంపలు, పళ్లు ఏరుకునేవారు, సాల, ఇప్ప గింజల నూనెతో వండుకునేవారు అని. మా చెల్లి అది చదివి నన్ను అడిగింది.

"అన్నియా, ఈ ఖోండులంటే మనమేనా?"

"మనమే. మనోళ్లు అటు ఒడిశాలోనూ ఉన్నారు, ఇటూ ఉన్నాం."

"మరి వెళ్లేవారు, వండేవారు అని రాశారేటి? ఇప్పుడు లేమా?"

నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. మేం కోందులం. ఇంట్లో కువి మాట్లాడతాం. చైత్రంలో ఇటికల పండక్కి మా ఊరి మగవాళ్లు ఇంకా వేటకని అడవికి పోతారు. పుస్తకంలో మాత్రం అంతా భూతకాలం. 13 ఏళ్ల పిల్ల ఒక్క వాక్యం చదివి పట్టుకున్న విషయం, నేను అదే తరగతి దాటి వచ్చి కూడా పట్టుకోలేదు. పరీక్షకి కావలసినవి బట్టీ పట్టి రాసేశాను, అంతే.

ఆ పాఠం చెడ్డదని నేను అనట్లేదు. నిజానికి మంచి పాఠం. ఆదివాసీని అమాయకుడిగా, అడవి మనిషిగా కాకుండా, చట్టం వల్ల దెబ్బతిని తిరగబడ్డవాడిగా చూపిస్తుంది. కానీ దేశం మొత్తానికి రాసిన పుస్తకం కదా, అందులో అస్సాం ఉంది, సంతాలులు ఉన్నారు, బస్తర్ ఉంది, మహారాష్ట్ర వార్లీలు ఉన్నారు. మన గూడెం, రంప కొండలు ఆ పాఠంలో లేవు. పదో తరగతికి వెళ్తే అల్లూరి సీతారామరాజు గారి మీద ఒక పేరా వస్తుంది. ఈలోపు మన పిల్ల, ఇదంతా ఎక్కడో ఛోటానాగపూర్‌లో జరిగిందనుకుంటుంది.

హాస్టలుకి తిరిగొచ్చాక లైబ్రరీలో కూర్చుని ఆ పాఠంలో ఉన్న ఒక్కో హెడ్డింగుకి మన కొండల్లో ఏం జరిగిందో నోట్సు రాసుకున్నాను. చెల్లి కోసం రాసిందే ఇక్కడ పెడుతున్నాను.

మొదటిది, తెగ పెద్దలు. బ్రిటిషు వాళ్లు వచ్చాక తెగ పెద్దల అధికారం పోయింది, వాళ్లు చెప్పినట్టు నడుచుకోవాల్సి వచ్చింది అని పాఠంలో ఉంది. మన దగ్గర ఆ పెద్దలు ముఠాదారులు. కొన్ని ఊళ్లు కలిపితే ఒక ముఠా, దాని శిస్తు వసూలు చేసి పైకి కట్టేవాడు ముఠాదారు. అసలు మనం రోజూ వాడే "ఏజెన్సీ" అన్న మాట ఎక్కడిదో తెలుసా? 1839లో బ్రిటిషు వాళ్లు ఒక చట్టం చేశారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలకి మామూలు కోర్టులు, మామూలు రూల్సు వర్తించవు, కలెక్టరే గవర్నరుకి ఏజెంటుగా ఉండి పాలిస్తాడు అని. ఏజెంటు పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ. అంటే మన ఊరికి ఆ పేరు మన తాతలు పెట్టింది కాదు, ఆఫీసు ఫైల్లోంచి వచ్చింది.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. ముఠాదారులందరూ జనం పక్షమే అనుకోకూడదు. జనం దగ్గర వసూలు చేసి సర్కారుకి కట్టింది వాళ్లే. తమ హక్కుకి దెబ్బ తగిలినప్పుడు కొందరు తిరగబడ్డారు, కొందరు సర్కారు వైపే ఉండిపోయారు. మన చరిత్ర మనం చెప్పుకునేటప్పుడు ఇది దాచేస్తే అది చరిత్ర అవ్వదు, పొగడ్త అవుతుంది.

1879లో రంపలో తిరుగుబాటు లేచింది. రంప మున్సబుదారు వసూళ్లు, దాని మీద కల్లుకి చిగురు పన్ను. మన చెట్టు మనం గీసుకుని తాగే కల్లు మీద పన్ను! పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. అది గూడెం వైపు, భద్రాచలం వైపు పాకింది. కారం తమ్మన్నదొర దానికి ఒక నాయకుడు. అణచడానికి మద్రాసు సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. 1880లో తమ్మన్నదొరని చంపేశారు. చాలామందిని అండమాన్‌కి పంపేశారు. బిర్సా ఉద్యమం మొదలైంది 1895లో. అంటే దానికి 16 ఏళ్ల ముందే ఇక్కడ ఇది జరిగిపోయింది. ఎవరు ముందు అని పోటీకి చెప్పట్లేదు. ఒకే సర్కారు, ఒకే రకం దెబ్బ, రెండు చోట్లా ఒకే జవాబు, అది చెల్లికి తెలియాలి.

రెండోది పోడు, అడవి చట్టాలు. పాఠంలో పోడు చేసేవాళ్లని ఒకచోట కుదురుగా ఉంచి దున్నించాలని బ్రిటిషు వాళ్లు చూశారని, రిజర్వు అడవులు పెట్టారని ఉంటుంది. మనకి అది 1882 మద్రాసు అటవీ చట్టం. పోడుకి అడ్డు, పశువుల మేతకి అడ్డు, కర్రకి అడ్డు. నిన్నటిదాకా మనదే అనుకున్న కొండకి రాత్రికి రాత్రి గార్డు వచ్చాడు. అడవి పనికి కూలీలు దొరక్క వాళ్లు ఏం చేశారో కూడా పాఠంలో ఉంది. కాస్త నేల చూపించి, బదులుగా పని చేయించుకున్నారు. మన దగ్గర అది రోడ్డు పని. నర్సీపట్నం నుంచి లంబసింగికి వేసిన ఘాట్ రోడ్డు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం వాళ్లతో ఆ పని చేయించి, రావాల్సిన కూలి ఇవ్వలేదు. ఇప్పుడు లంబసింగికి మంచు చూడ్డానికి వచ్చే టూరిస్టులు ఎక్కే రోడ్డుకి ఆ చరిత్ర ఉంది.

ఆ కోపంలోంచే 1922 వచ్చింది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. తుపాకులు పట్టుకుపోయారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆఫీసర్లు చనిపోయారు. 1924 మే 7న రాజుగారిని కొయ్యూరు దగ్గర కాల్చి చంపేశారు.

సీతారామరాజు గారి పేరు అందరికీ తెలుసు. మన జిల్లాకే ఆ పేరు పెట్టారు, 2022 ఏప్రిల్ 4న. ఆయన ఆదివాసీ కాదు, అయినా మన కోసం ప్రాణం ఇచ్చారు, ఆ గౌరవం ఎప్పటికీ ఉంటాది. కానీ ఆయన వెనక నడిచిన మనవాళ్ల పేర్లు ఎన్ని చెప్పగలం? గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు. వాళ్ల భూమి గొడవ బాస్టియన్‌తోనే. రాజుగారు పోయిన తర్వాతి నెల, 1924 జూన్‌లో గంటందొరని చంపేశారు. మల్లుదొర దొరికిపోయి ఏళ్లకేళ్లు జైల్లో ఉన్నారు. ఇక్కడ నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. ఎందుకంటే 1952లో దేశంలో మొదటి ఎన్నికలు జరిగితే, విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచినవాళ్లలో ఆ మల్లుదొర ఒకరు. స్టేషన్ మీదకి వెళ్లిన మనిషి పార్లమెంటుకి వెళ్లారు. నేను ఈ సిటీలో రెండేళ్ల నుంచి ఉంటున్నాను. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు.

మూడోది వ్యాపారులు, అప్పులు. పాఠంలో వడ్డీ వ్యాపారులు, దళారులు, వాళ్లని ఆదివాసులు "దికు" అని పిలవడం ఉంటుంది. మనకి సావుకారు. ఉప్పుకి, బట్టకి అప్పిచ్చి పంట, తర్వాత భూమి పట్టుకుపోయినవాడు. ఇది ఎంత ముదిరిందంటే బ్రిటిషు సర్కారే 1917లో ఒక చట్టం చేసింది. ఏజెన్సీలో వడ్డీకి హద్దు, ఏజెంటు అనుమతి లేకుండా ఆదివాసీ భూమి బయటవాళ్లకి పోకూడదు అని. స్వతంత్రం వచ్చాక 1959లో భూబదలాయింపు రెగ్యులేషన్, 1970లో దానికి సవరణ. అదే 1/70. నవ్వకండి, నేను ఇంటర్ దాకా 1/70 అంటే డెబ్భైలో ఒక వంతు భూమి అనుకున్నాను. 1970లో వచ్చిన ఒకటో నంబరు రెగ్యులేషన్ అని అర్థం. షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ముందు ఆదివాసీదే అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే అని దాని బలం.

దాని తర్వాత 1997 జులై 11. అనంతగిరి మండలం బొర్రా వైపు మైనింగు లీజుల మీద సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ఏరియాలో సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకి లీజుకి ఇవ్వకూడదు అని తీర్పు వచ్చింది. దేశంలో లా చదివేవాళ్లందరూ చదివే తీర్పు అది. పుట్టింది మన బొర్రాలో. బొర్రా గుహలకి పిక్నిక్ వెళ్లే మన బడి పిల్లలకి ఈ మాట చెప్పేవాళ్లు ఉండాలి.

నాలుగోది, పని వెతుక్కుంటూ పోవడం. పాఠంలో ఆదివాసులు అస్సాం టీ తోటలకి, బొగ్గు గనులకి పోయారని ఉంటుంది. మనవాళ్లు దిగేది విశాఖకి. ఇక్కడే నాకు భూగోళం పాఠం కూడా గుర్తొచ్చింది. ఎనిమిదిలో ఉక్కు పరిశ్రమ అంటే జంషెడ్‌పూర్, ఇంకా అమెరికాలో పిట్స్‌బర్గ్ చెప్తారు. మన కింద ఉన్న ఉక్కు ఊరు సంగతి మనమే చెప్పుకోవాలి.

విశాఖ పోర్టు 1933లో తెరిచారు, లోపలి ప్రాంతాల సరుకు సముద్రం దాటించడానికి. 1960ల్లో బైలాడిల్లా ఇనుప రాయి జపాన్‌కి పంపడానికి కొత్తవలస నుంచి కిరండూల్‌కి రైలు మార్గం వేశారు. మన కొండలకి సొరంగాలు తొలిచి, అనంతగిరి, అరకు మీదుగా. ఆ రాయి కూడా అక్కడి ఆదివాసుల కొండదే. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని ఉద్యమం లేచింది, 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఆ కొలిమికి కూడా బైలాడిల్లా రాయి అదే లైన్లో దిగుతుంది. మా నాన్న గాజువాకలో బిల్డింగు పనికి దిగింది ఆ లైన్లోనే, పాసింజరు బండిలో. నేను చదువుకి దిగిందీ దాంట్లోనే. గూడ్సు బండికి దారి ఇవ్వడానికి మా బండి స్టేషన్లో ఆగినప్పుడల్లా విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు తెలిసింది, ఆ లైను వేసిందే గూడ్సు కోసం, మేం మధ్యలో ఎక్కినవాళ్లం.

ఇదంతా నోట్సు రాసి ఫోన్లో ఫొటోలు తీసి చెల్లికి పంపాను. తన ప్రశ్నకి జవాబు కూడా రాశాను. "పుస్తకంలో 'వెళ్లేవారు' అని ఉన్నచోట పెన్సిల్‌తో పక్కన 'ఇప్పటికీ వెళ్తున్నాం' అని రాసుకో. పరీక్షలో మాత్రం పుస్తకంలో పాయింట్లు అన్నీ రాసి, ఆఖర్న ఉదాహరణగా మన 1879, 1882, 1922 రాయి. పాయింట్లు వదిలేసి మనది మాత్రమే రాస్తే మార్కులు పోతాయి."

ఇక మీకు చెప్పేది. గ్రూపులో డిగ్రీ, పీజీ, బీఈడీ చేసేవాళ్లం ఉన్నాం. సెలవుల్లో ఊళ్లలోనే ఉంటాం. జూన్ 12 లోపు ఒక్కొక్కరం ఒక్క పిల్లని, పిల్లాడిని కూర్చోబెట్టి ఈ ఒక్క పాఠం చెప్దాం. మీ తాతకి, అవ్వకి తెలిసింది అడిగి రాయించండి. ఏ ఊరు, ఎవరు చెప్పారు అన్నది కింద రాయాలి. విన్నది విన్నట్టు, చదివింది చదివినట్టు వేరువేరుగా పెట్టాలి, రెండూ కలిపేస్తే రేపు ఎవరూ నమ్మరు. బగత, వాల్మీకి, కొండదొర, పోర్జా, నూకదొర, గదబ, కోందు, మన్నెదొర, ఎవరి ఊరి కథ వాళ్లే తేవాలి. నాకు తెలిసింది గూడెం, రంప, అరకు వైపే. సీతంపేట, పార్వతీపురం వైపు సవరలు, జాతాపుల సంగతి అక్కడి మిత్రులు రాయండి.

చెల్లి నిన్న ఫోన్ చేసింది. నోట్సు నాలుగోసారి చదివిందట. "మల్లుదొర తాత పార్లమెంటులో ఏం మాట్లాడాడు అన్నియా?" అని అడిగింది. ఇంకా చూడలేదన్నాను. ఈ వారం లైబ్రరీలో పాత లోక్‌సభ చర్చల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోవాలి. ఎవరికైనా తెలిస్తే కింద రాయండి.

జోహార్.