గృహ మీడియా సర్వర్
ఇంట్లోని పాటలను, సినిమాలను ఒకచోట దాచి టీవీకీ ఫోన్లకూ అందించే కంప్యూటర్. మూలన పడ్డ పాత ల్యాప్‌టాప్ కూడా చాలాసార్లు సరిపోతుంది. ఎంపికలో అసలు చిక్కు ట్రాన్స్‌కోడింగ్: చూసే పరికరం ఫైలు ఫార్మాట్‌ను చదవలేకపోతే సర్వరే అప్పటికప్పుడు మార్చి పంపాలి. 4కె సినిమా అయితే ఇది ప్రాసెసర్‌కు ఆయాసం తెప్పిస్తుంది. ఇంటెల్ 2011లో తెచ్చిన క్విక్ సింక్ లాంటి హార్డ్‌వేర్ సాయముంటే చిన్న యంత్రమూ నెట్టుకొస్తుంది. పాటలతో ఈ బాధ లేదు, చోటూ తక్కువే పడుతుంది. గంట సీడీ సంగీతం కుదించకుండా దాదాపు 635 మెగాబైట్లు. ఫ్లాక్ ఫార్మాట్‌లో కుదిస్తే సుమారు సగం. బ్లూ-రే సినిమా ఒక్కటే 50 గిగాబైట్లకు దగ్గర పడవచ్చు. సాఫ్ట్‌వేర్లలో ప్లెక్స్ పేరున్నది. 2018లో ఎంబీ అనే మరో సర్వర్ సాఫ్ట్‌వేర్ నుంచి చీలిన జెల్లీఫిన్ పూర్తిగా ఉచితం. ఇక ఫైళ్ల భద్రత: కొన్ని డిస్కులను కలిపి వాడే రెయిడ్ అమరిక ఒక డిస్కు చెడితే ఆదుకుంటుంది గాని, పొరపాటున చెరిపేసిన పెళ్లి వీడియోను తెచ్చివ్వదు. దానికి వేరేచోట మరో ప్రతి ఉండాల్సిందే.