విత్తును దాచిన చేయి



చరిత్ర యనగా రాజుల యుద్ధములే యని తలచువారు కలరు. కురవి వీరభద్రస్వామిని దర్శింపబోయిన నాకు ఆ యూరి పెరడొకటి వేరొక చరిత్రను చూపినది. అందొక రామములగ మొక్కకు తక్కిన వాని వలె నున్నగా గాక, గట్లుగట్లుగా పెద్ద పండొకటి కాచినది. నేను చేయి చాపగా ఆ యింటి ముసలమ్మ, "అది ఇత్తులకు బిడ్డా, కొయ్యద్దు" అని వారించినది.

ఆ మాట మిక్కిలి పురాతనమైనది. టమాటా యని మనము పిలుచు రామములగకు పుట్టినిల్లు దక్షిణ అమెరికా. అచ్చటి అడవి మొక్కల కాయలు రేగుపండ్లంతటివి. జీవకణములోని జన్యువున నొకప్పుడు తనంతట మార్పు కలుగును, దీనిని ఉత్పరివర్తనమందురు. 1901లో హాలెండు పండితుడు హ్యూగో డివ్రీసు దీనిపై గ్రంథము ప్రకటించెను. కాని యంతకు ఎన్నో శతాబ్దములకు ముందే, అట్టి మార్పులచే అరలు హెచ్చి పెద్దవైన పండ్లను ఏరి, వాని విత్తులు దాచి, మెక్సికో సేద్యగాండ్రు పెద్ద పండును నిలిపిరి.

చలి వలన వికారమైన పండు గుణము విత్తులోనికి దిగదు. మార్పు నిజమైనదో కాదో రెండు మూడు పంటలు విత్తి చూచిన గాని తెలియదు. రామములగ చాలవరకు తన పుప్పొడితోనే ఫలించును గావున ఈ పరీక్ష పెరటిలోనే సాధ్యము.

ఎంచుటలో నష్టమును కలదు. ఇరువదవ శతాబ్దమున అమెరికాలో, తొడిమ చెంత ముదురుపచ్చ లేక ఒక్క తీరున పండు రకములను మెచ్చి వ్యాపింపజేసిరి. పండులో చక్కెర పెరుగుటకు ఆ పచ్చదనమే తోడ్పడునని 2012లో తేలినది. కంటికి ఇంపు కలిగెను. నాలుకకు తీపి తగ్గెను.

మన సీమలో చపాట మిరప కలదు. కారము తక్కువ, ఎరుపు మెండు. రూపమును బట్టి టమాటా మిరప యనియు పిలుతురు. వరంగల్లు, భూపాలపల్లి ప్రాంతముల రైతులు తరతరములుగా విత్తు దాచి కాపాడిన ఈ రకమునకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది.

మార్పు ప్రకృతిది, దానిని నిలుపుట మనిషిది. సంకరజాతి పండు విత్తు తల్లిని పోలి మొలవదు గనుక ఏటేట అంగడికి పోవలసి వచ్చును. అంగడి విత్తునకే అలవడిన యింట పండును ఎంచు చూపు మరుగగును. ఆ ముసలమ్మ నన్ను వారించినది ఒక్క పండు కొరకు కాదని ఇంటికి మరలుచు గ్రహించితిని.