తుపాకి మందు: పానిపట్టు మొదలు కాశ్మీరీ గేటు వరకు

పాత ఢిల్లీలో కాశ్మీరీ గేటు నుండి ఎఱ్ఱకోట వైపు పోవు లోథియన్ రోడ్డు మీద, పెద్ద తపాలా కార్యాలయమునకు సమీపమున, వాహనముల రద్దీ నడుమ ఒక పాత ఇటుకల ద్వారము నిలిచియున్నది. ప్రతిదినము దాని ప్రక్కగా కచ్చేరీలకు పోవు వేలాది జనులలో తల యెత్తి చూచువారు కొలదిమందియే. అది ఒకనాడు ఈస్టిండియా కంపెనీవారి మందుగుండు కొట్టు. 1857వ సంవత్సరము మే నెల 11వ తేదీన అది ప్రేలిన ధ్వనికి ఢిల్లీ నగరమంతయు కంపించెను.

రాజుల పేర్లును, సేనాపతుల పేర్లును చరిత్ర గ్రంథములలో కలవు. ఫిరంగులకు సయితము పేర్లు కలవు. గోలకొండ బురుజు మీది ‘ఫతే రహబర్’ను చూడని హైదరాబాదువాసులు అరుదు. కాని ఆ ఫిరంగి కడుపులో పోసిన నల్లని మందును ఎవరును తలంపరు. ఏ ఆయుధమునకు ఎట్టి మందు తగును, అది ఎంత కావలెను, ఎక్కడి నుండి వచ్చును, తడియకుండ ఎట్లు నిలువచేయవలెను అను నాలుగు ప్రశ్నలకు దొరికిన సమాధానములను బట్టియే పెక్కు యుద్ధముల ఫలితములు తేలినవి. అన్ని ఆయుధములకును పనికివచ్చు ఒకే మందు దొరకునా అను వెదకులాట ఆ చరిత్ర పొడవునను కనబడును.

నల్లమందు మూడు వస్తువుల కూర్పు: సురేకారము, బొగ్గు, గంధకము. ఇందు సుమారు ముప్పాతిక భాగము సురేకారమే. దానిలోని ప్రాణవాయువు బొగ్గును మండించును. గంధకము నిప్పు త్వరగా అంటుకొనునట్లు చేయును. అయితే మూడింటిని నూరి కలిపినంత మాత్రమున మంచి మందు కాదు. అట్టి మెత్తని పొడి బండ్ల కుదుపులకు విడివడి, బరువైనది అడుగునకును, తేలికయైనది పైకిని చేరును. గాలిలోని తేమను కూడ త్వరగా పీల్చును. అందుచేత ఐరోపాలో 15వ శతాబ్దమున పొడిని తడిపి, ముద్దచేసి, ఆరబెట్టి, గింజలుగా విఱుచు పద్ధతి వాడుకలోనికి వచ్చెను.

గింజ పరిమాణమునందే ఎన్నిక అను సమస్య ఉన్నది. సన్నని గింజ ఒక్కపెట్టున మండును. లావు గింజ క్రమముగా మండును. పిస్తోలు గొట్టము జానెడు. గుండు ఆ జానెడు దాటిపోవులోపల మందు మండి తన బలమును ఈయవలెను. కనుక దానికి సన్నని గింజ కావలెను. పెద్ద ఫిరంగిలో అట్టి మందునే పోసినచో బరువైన గుండు కదలక పూర్వమే ఒత్తిడి పెరిగి ఫిరంగి బ్రద్దలు కావచ్చును. ఫిరంగికై చేసిన లావు మందును పిస్తోలులో పోసినచో సగము కాలక మునుపే గుండు బయటపడి, చాలినంత వేగము లేక కూలబడును. ఇక గొట్టము వెలుపలి గిన్నెలో వేయు రంజకము అన్నిటికంటె సన్ననిది కావలెను.

ఢిల్లీ పరిసరములలో ఈ నల్లమందు రాజ్యముల తలవ్రాతను మార్చిన తొలి గొప్ప సందర్భము 1526 ఏప్రిల్ 21న జరిగిన పానిపట్టు యుద్ధము. బాబరు సుమారు ఏడువందల బండ్లను పచ్చితోలు త్రాళ్లతో వరుసగా బంధించి, వాని చాటున తుపాకి వాండ్రను నిలిపెను. ఉస్తాదు అలీ కులీ ఫిరంగులను నడపెను. ఇబ్రహీం లోడీకి ఏనుగులు ఉన్నవి, అధికమైన సైన్యము ఉన్నది. ఇట్టి ఫిరంగి బలము మాత్రము లేదు. మధ్యాహ్నమునకే యుద్ధము ముగిసెను.

బాబరు మనుమడైన అక్బరు తుపాకులయందు స్వయముగా ఆసక్తి గలవాడు. పూర్వము గొట్టములో నాలుగవ వంతునకు మించి మందు నింపుటకు వీలులేక యుండెననియు, అక్బరు కాలమున చేసిన గొట్టములు నిండుగా మందు పోసి కాల్చినను పగులలేదనియు అబుల్ ఫజలు ఐనీ అక్బరీలో వ్రాసెను. మందును గొట్టమునకు తగినట్లు మార్చుట ఒక మార్గము. గొట్టమునే మందునకు తగినట్లు గట్టిపఱచుట రెండవ మార్గము. అక్బరు కమ్మరులు రెండవ మార్గమున నడచిరి.

ఢిల్లీ పాదుషాల మందునకు తెలుగు దేశమున ఎదురైన పరాభవము ఒకటి కలదు. 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించెను. ముట్టడి ఎనిమిది మాసములు సాగెను. ఫిరంగులకు కోట లొంగకపోగా, మొగలు సేనలు గోడల క్రిందికి సొరంగములు త్రవ్వి, వానిలో మందు నింపిరి. కోటలోనివారు ఆ జాడ కనిపెట్టి లోపలినుండి ఎదురు సొరంగములు త్రవ్వి, చేతికందిన మందును తీసివేసి, మిగిలినదానిపై నీరు పోసిరి. జూను మాసమున ఆ సొరంగములు ముట్టింపబడినపుడు మందు కోటవైపు ప్రేలక వెలుపలికి ప్రేలెను. రాళ్లును మట్టియు మొగలు సైనికులపైననే పడి వందలమంది చనిపోయిరి. ఒక సొరంగము అసలు ప్రేలనే లేదు. అంతటి సామ్రాజ్యపు మందును గెలిచినది కొన్ని కుండల నీరు! చివరకు సెప్టెంబరులో కోట పడినది మందు వలన కాదు. లంచము తిని ద్వారము తెఱచిన ఒక అధికారి వలన.

నీటికిని మందునకును గల వైరము 1757 జూను 23న ప్లాసీలో మరల కనబడెను. ఆనాడు మధ్యాహ్నము వాన కురియగా క్లైవు మనుష్యులు తమ మందును తారుగుడ్డలతో కప్పుకొనిరి. సిరాజుద్దౌలా పక్షమువారి మందు తడిసిపోయెను. అక్కడ కుట్ర ఉన్నమాట నిజమే. కాని కుట్రకు తోడు వాన కూడ కలిసివచ్చెను. మఱుసటి సంవత్సరమే కంపెనీ బీహారు సురేకారముపై గుత్త హక్కు సంపాదించెను. ఉప్పుమట్టిని కడిగి, మరగించి, సురేకారము తీయు పేదల కష్టము నాటినుండి కంపెనీవారి చేతికి చిక్కెను. ఆ సురేకారముతోనే ఐరోపాలో పెక్కు యుద్ధములు నడచినవి.

తెలుగు సీమ భవిష్యత్తు ఒకమాఱు రెండు దినముల మందుపై ఆధారపడినది. 1759లో కర్నల్ ఫోర్డు, విజయనగర ప్రభువగు ఆనంద గజపతిరాజు తోడ్పాటుతో, ఫ్రెంచివారి మచిలీపట్టణము కోటను ముట్టడించెను. హైదరాబాదు నుండి సలాబతు జంగు గొప్ప సైన్యముతో సమీపించుచుండెను. ఏప్రిల్ 7న ఫోర్డునకు ఒక వార్త వచ్చెను: ఫిరంగులకు రెండు దినములకు మాత్రమే సరిపడు మందు మిగిలినది. వెనుకకు మరలుటకు దారి లేదు. ఆ రాత్రియే అతడు కోటపై బడి, తెల్లవారునప్పటికి దానిని వశపఱచుకొనెను. తరువాత సలాబతు జంగు సంధి చేసికొని, మచిలీపట్టణ ప్రాంతమును ఆంగ్లేయులకు ఈయవలసి వచ్చెను. కోస్తా జిల్లాలలో కంపెనీ పాలనకు పునాది ఆనాడు పడినది. మందు నిండుగా ఉన్నచో ఫోర్డు అంత తెగింపు చేసియుండెడివాడు కాడేమో!

కంపెనీ పాలన స్థిరపడిన పిదప మందునకు ఒక పద్ధతి ఏర్పడెను. బెంగాలులోని ఇచ్ఛాపూరు కర్మాగారమున తయారైన మందు పీపాలలో కంటోన్మెంట్లకు పోయెడిది. సిపాయికి విడిగా మందు ఈయక, కాగితపు తూటాలో కొలతగా మందును, గుండును కలిపి చుట్టి యిచ్చెడివారు. చెకుముకి తుపాకుల కాలమున అతడు తూటా కొసను పండ్లతో కొఱికి, కొంచెము మందును గిన్నెలో రంజకముగా వేసి, మిగిలినదానిని గొట్టములో పోసెడివాడు. అనగా రంజకమునకును, గొట్టమునకును ఒకే మందు సరిపెట్టిరన్నమాట. ఇది నిజమునకు రాజీ. ఏ ఒక్క పనికిని అది ఉత్తమము కాదు. కాని యుద్ధభూమిలో రెండు విధముల మందు మోయు సిపాయి తడబడును. ఒక్కటే మోయువాడు తడబడడు. ఉత్తమమైనదానికంటె అన్నిచోట్ల చాలినది మేలని సైన్యములు నిర్ణయించుకొనెను.

ఆ తూటాయే 1857లో అగ్గి రగిల్చెను. క్రొత్త ఎన్‌ఫీల్డు తుపాకి గొట్టములో మెలికల గాడులు ఉండుటచే గుండు సులువుగా దిగుటకై తూటా కాగితమునకు క్రొవ్వు పూసిరి. మందు ఎంత కావలెనో, గుండు ఎట్లుండవలెనో ఇంగ్లండులో శ్రద్ధగా లెక్కించిరి. ఆ తూటాను కొఱుకు మనుష్యుని మతమును, మనస్సును మాత్రము ఎవరును లెక్కింపలేదు.

మే 11న మీరటు సిపాయిలు ఢిల్లీ ప్రవేశించిరి. మందుగుండు కొట్టు అధికారి లెఫ్టినెంటు విల్లోబీ, మఱి ఎనమండుగురు తోడుగా, కొన్ని గంటలు ఎదిరించి, ఇక నిలువజాలక మధ్యాహ్నము మూడున్నర ప్రాంతమున కొట్టును ప్రేల్చివేసెను. లోపలనున్న కొందఱును, చుట్టుపట్లనున్న వందలాది నగరవాసులును మరణించిరి. అయితే నగరమునకు వెలుపల యమునాతీరమున వజీరాబాదువద్ద మఱియొక మందు కొట్టు కలదు. అందలి నిలువలు చాలభాగము తిరుగుబాటుదారులకును, చుట్టుపట్ల గ్రామస్థులకును దక్కినవి. ఆ మందుతోనే ఢిల్లీ కోటగోడల మీది ఫిరంగులు వేసవి యంతయు మ్రోగినవి.

నిలువ ఎంతయున్నను వాడుకొనగా తరుగును. బహదూర్‌షా సర్కారు నగరములోనే మందు చేయింప మొదలిడెను. సురేకారము ఉత్తర హిందూస్థానమున దొరకును, బొగ్గునకు కొఱత లేదు; గంధకము మాత్రము ఈ దేశమున విరివిగా దొరకు వస్తువు కాదు, వెలుపలినుండి రావలసినది. ఆ దినములలో ఇట్టి సరఫరాలను గూర్చి నడచిన ఉర్దూ, పారసీక పత్రములు నేటికిని ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారమున భద్రముగా నున్నవి. చదివినవారికి అవి వీరగాథల వలె గాక కచ్చేరీ కాగితముల వలె తోచును: ఎవరు ఏమి పంపవలెను, ఎవరికి డబ్బు ముట్టలేదు, ఎవరు కూలీలను పట్టుకొనిపోయిరి! ఒక రాజ్యము నిలుచునా కూలునా అను విషయము ఆ చిన్న చిన్న చీటీలలో ఇమిడియుండెను.

ఆగస్టు 7న చూడీవాలాన్ వాడలోని మందు కార్ఖానా ప్రేలిపోయెను. పనిచేయుచుండిన వందలమంది దగ్ధమైరి. ఇది ద్రోహమని అనుమానించిన సిపాయిలు పాదుషావారి వైద్యుడగు హకీము అహసనుల్లాఖాను ఇంటిని దోచిరి. చనిపోయిన కూలీల పేర్లు మాత్రము ఏ శిలమీదను చెక్కబడలేదు. సెప్టెంబరు 14న ఆంగ్లసేన పక్షాన లెఫ్టినెంట్లు హోమ్, సాల్కెల్డ్, వారితో హవల్దారు మాధో మొదలగు భారతీయ సాపర్లును మందు సంచులు మోసికొనిపోయి కాశ్మీరీ గేటు తలుపును పగులగొట్టిరి. ఒక్కొక్క సంచి బరువు 25 పౌనులు. అంత మందు ఆ తలుపునకు చాలినది.

తరువాతి కథ వేఱు రకము మందుది. నల్లమందు కాల్చినపుడు కమ్ముకొను పొగలో శత్రువు కనబడడు. గొట్టములో మసి పేరుకొనును. 1884లో ఫ్రాన్సు దేశీయుడగు పాల్ వియే పొగ చాలవఱకు లేని మందును కనిపెట్టెను. 1887లో నోబెలు బాలిస్టైటును, 1889లో ఏబెల్, డ్యూవర్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞులు త్రాటివంటి కార్డైటును కనిపెట్టిరి. కార్డైటు తయారీకై 20వ శతాబ్దారంభమున నీలగిరులలో కూనూరు చేరువ అరువంకాడులో కర్మాగారము వెలసెను. అది నేటికిని పనిచేయుచున్నది.

ఈ క్రొత్త మందుతో రివాల్వరులకు ఒక చిక్కు వచ్చిపడెను. రివాల్వరు తూటా గొట్టములు నల్లమందు పరిమాణమునకు తగినట్లు చేసినవి. క్రొత్త మందు బలమైనది కనుక కొంచెము చాలును. తూటాలో చాలభాగము ఖాళీగా నుండును. ఆ ఖాళీలో పొరపాటున రెండవమాఱు మందు పడినను తెలియదు; అప్పుడు ఆయుధమే చేతిలో బ్రద్దలగును. కాల్చిన తూటాలను మరల నింపుకొను అలవాటు ఎక్కువగా గల అమెరికాలో ఈ ప్రమాదము విశేషముగా కనబడెను. త్వరగా మండవలెను, కొంత ఉబ్బుగా నుండి తూటాలో చోటు నింపవలెను, చిన్నవానికిని పెద్దవానికిని ఒదగవలెను: ఇట్టి మందునకై వెదకులాట సాగెను. 1900 ప్రాంతమున లాఫ్లిన్ అండ్ రాండ్ సంస్థ తెచ్చిన ‘యునీక్’ అను రేకుల మందు అట్టి పేరు తెచ్చుకొని ఈనాటికిని అమ్ముడగుచున్నది. అదియు రాజీయే: ఏ ఒక్క తూటాకును సర్వోత్తమము కాకపోవచ్చును, పెక్కింటికి పనికివచ్చును. కాగితపు తూటాను కొఱికిన సిపాయి చేతిలోని మందు ధర్మమే ఇదియును.

మన దేశమున 1878 నాటి ఆయుధముల చట్టము భారతీయునికి లైసెన్సు లేక ఆయుధము గాని మందు గాని ఉంచుకొనరాదనెను. ఐరోపావారికి మినహాయింపు నిచ్చెను. స్వాతంత్ర్యానంతరము 1959లో క్రొత్త చట్టము వచ్చెను; లైసెన్సు కట్టుబాటు మాత్రము నిలిచినది.

లోథియన్ రోడ్డు ద్వారముపై ఆంగ్లేయులు తమ తొమ్మండుగురి సాహసమును కొనియాడుచు చెక్కించిన పలక కలదు. అందు తిరుగుబాటుదారులుగా పేర్కొనబడినవారు విదేశ ప్రభుత్వమును తొలగింప యత్నించిన భారతీయ సైనికులని తెలుపు మఱియొక పలక స్వతంత్ర భారతమున దానిక్రింద చేర్చబడినది. రెండు పలకలును కాల్చినవారిని గూర్చియే చెప్పును. ఉప్పుమట్టిని కడిగి సురేకారము తీసినవారును, గోలకొండ సొరంగములో చీకటిలో నీరు పోసినవారును, చూడీవాలాన్‌లో మందు నూరుచు బూడిదయైనవారును ఏ పలకమీదను లేరు. ఈసారి ఆ మార్గమున పోవునపుడు ఆ ద్వారమువద్ద ఒక్క నిమిషము నిలిచి చూచువారు, ఆ లేని పేర్లను కూడ తలచికొందురుగాక.