మనోవర్తి నుంచి అఫిడవిట్ దాకా

రిటైర్మెంట్‌ని తెలుగులో పదవీ విరమణ అని రాసుకుంటాం. విరమించాలంటే ముందు పదవి ఉండాలి. మా అమ్మల తరంలో చాలామంది స్త్రీలకు ఆ మాట భర్త ఉద్యోగం ద్వారానే తెలుసు. ఆయనకు శాలువా కప్పారు, దండ వేశారు, ఇంటిదాకా వచ్చి దించి వెళ్లారు. ఆ వచ్చినవాళ్లందరికీ వండి వడ్డించింది ఆమె. మర్నాటి నుంచి ఆయనకు పని తగ్గింది. పొద్దస్తమానం ఇంట్లో ఉండే మనిషి ఒకరు పెరిగారు కాబట్టి ఆమెకు చాకిరీ పెరిగింది.

సొంత ఆదాయం లేక, దాచుకున్నదీ లేక, చివరి రోజులు పరాయి దేశంలో గడపాల్సివచ్చే స్త్రీ అందుకు ఎలా సిద్ధపడాలి? నేను ఉంటున్న కొండాపూర్‌లో, పక్కనే ఉన్న మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో ఈ ప్రశ్న ఇంటింటా ఉంది. ఎవరూ దీన్ని ప్రశ్నగా అడగరు. "అబ్బాయి రమ్మంటున్నాడు" అంటారు.

ఈ ప్రాంతపు చరిత్రను 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించడంతో మొదలుపెట్టడం అలవాటు. ఆ తర్వాత కంపెనీలు, ఫ్లైఓవర్లు, ఎకరం ధరలు. ఇక్కడి తల్లుల దగ్గర ఇంకో కాలక్రమం ఉంది. అబ్బాయికి హెచ్1బి వచ్చిన ఏడు, కోడలి మొదటి పురుడు, గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్. 2008 దాకా వీసా ఇంటర్వ్యూకి చెన్నై పోవలసి వచ్చేది. ఆ ఏడు అక్టోబరులో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికన్ కాన్సులేట్ తెరిచారు. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడకు మారింది. మడత నలగని చీర, చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అందులో కొడుకు జీతం కాగితాలు. ఆ ఫైల్లో ఆమె సంపాదన గురించిన కాగితం ఒక్కటీ ఉండదు.

నేను మాట్లాడినవాళ్లలో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉన్నారు. మూడు పురుళ్లకి నాలుగుసార్లు అమెరికా వెళ్లివచ్చారు. సందర్శకుల వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆ ఆరు నెలలూ బాలింత పథ్యం, పసిబిడ్డ స్నానం, రాత్రి జాగరణ. ఉన్న పొలం కొడుకు ఇంజనీరింగుకీ పైచదువుకీ అమ్మారు. "పొలం వాడికి పెట్టాం. ఇంక వాడే మా పొలం" అన్నారావిడ. ఆ మాటలో ఫిర్యాదు లేదు, లెక్క ఉంది. పొలానికైతే పట్టాదారు పాస్‌బుక్కు ఉంటుంది. కొడుక్కి?

ఈ సంగతి అమెరికాతో పుట్టింది కాదు. మనకి మనోవర్తి అనే పాత మాట ఉంది. ఉమ్మడి కుటుంబంలో భర్తపోయిన స్త్రీకి ఆస్తిలో వాటా ఉండేది కాదు, తిండికీ బట్టకీ ఇంత అని ఉండేది. అది ఇచ్చేవాళ్ల మర్యాద మీద ఆధారపడేది. ఇవ్వకపోతే కోర్టుకెక్కాలి. ఇది ఇష్టంలేని స్త్రీకి ఉన్న ఇంకో దారిని గురజాడ పూటకూళ్లమ్మలో చూపించారు. 1892లో మొదట ప్రదర్శించిన కన్యాశుల్కంలో ఆమె వంటని జీవనోపాధి చేసుకున్న వితంతువు. ఇంట్లో వండితే ధర్మం, డబ్బు తీసుకుని వండితే పరువుతక్కువ. ఆమె తిండి తిని, ఆమె డబ్బు వాడుకున్న గిరీశం మాత్రం పెద్దమనిషి. ఆ నాటకంలో బుచ్చమ్మ గురించి రాసినంతగా మనం పూటకూళ్లమ్మ ఆర్థికం గురించి రాయలేదు.

మూడో దారి కాశీవాసం. ఇల్లూ ఊరూ భాషా వదిలి, పోవడానికే వెళ్లే చోటు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అన్న సామెత ప్రయాణం కష్టాన్ని మాత్రమే చెప్పదు. వెళ్లినవాళ్ల మీద ఇంటివాళ్లకు తీరిపోయే బాధ్యతను కూడా చెప్తుంది. భర్తలేని స్త్రీకి అక్కడ సత్రం భోజనం, ఇంటినుంచి వస్తే మనియార్డరు. ఆదాయం లేని ముసలితనాన్ని పరాయిచోటికి పంపడం మనకు కొత్త కాదు. అప్పట్లో దానికి పుణ్యం అని పేరుండేది.

మనోవర్తిని దయ నుంచి హక్కుగా మార్చిన పోరాటంలో ఒక తెలుగు స్త్రీ పేరు సుప్రీంకోర్టు తీర్పుల్లో నిలిచిపోయింది. నెల్లూరు ప్రాంతానికి చెందిన వడ్డెబోయిన తులశమ్మ భర్త 1931లో చనిపోయాడు. ఆస్తి భర్త సవతి సోదరుడు శేషారెడ్డి చేతిలో ఉంది. 1944లో ఆమె మనోవర్తికి దావా వేసింది. 1949లో రాజీ కుదిరి, కొంత ఆస్తి ఆమెకు ఇచ్చారు. బతికున్నంత కాలం అనుభవించాలి, అమ్మకూడదు అన్నది షరతు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. 1960, 61ల్లో తులశమ్మ ఆ ఆస్తిలో కొంత కౌలుకిచ్చింది, కొంత అమ్మింది. శేషారెడ్డి కోర్టుకెక్కాడు. హైకోర్టులో ఆమె ఓడిపోయింది. 1977 మార్చి 17న సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. మనోవర్తి ఎవరో పెట్టే భిక్ష కాదు, ఆమెకు ముందునుంచీ ఉన్న హక్కు. దాని కింద వచ్చిన ఆస్తి 1956 చట్టంతో ఆమె సొంతమైపోయింది. మొదటి దావా నుంచి ఈ తీర్పుకి 33 ఏళ్లు పట్టింది. స్త్రీల ఆస్తి హక్కుల చరిత్ర అంటే మనం చట్టాల తేదీలు చెప్తాం. ఆ తేదీల మధ్య ఒక స్త్రీ ముసలిదైపోయిన కాలాన్ని కూడా చెప్పాలి.

ఈ తీర్పు చదువుతున్న రోజుల్లోనే నా చేతికి ఇంకో కాగితం వచ్చింది. నా తమ్ముడు టెక్సాస్‌లో ఉంటాడు, అమెరికా పౌరుడు. అమ్మకు గ్రీన్ కార్డు వేస్తానన్నాడు. నాన్న లేరు. వాడు సంతకం పెట్టాల్సిన ఐ-864 అనే ఫారం చదివి అమ్మకు తెలుగులో చెప్పే పని నామీద పడింది. దాని పేరు అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్. పోషణకు హామీపత్రం అనొచ్చు.

అమెరికా పౌరులైన పిల్లలు తమ తల్లిదండ్రుల్ని సంఖ్యా పరిమితి లేకుండా పిలిపించుకునే వీలు 1965 చట్టంతో వచ్చింది. అలా వచ్చిన వృద్ధుల్లో ఆదాయం లేనివాళ్లకి ఎస్ఎస్ఐ అనే ప్రభుత్వ భృతి దొరికేది. 1996 ఆగస్టు 22న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన సంక్షేమ చట్టం పౌరులు కాని వాళ్లలో చాలామందికి దాన్ని మూసేసింది. అప్పటికే తీసుకుంటున్నవాళ్లలో ఎక్కువమందికి మరుసటి ఏడు తిరిగి ఇచ్చారు. ఆ తర్వాత వచ్చినవాళ్లకి ఇవ్వలేదు. అదే ఏడాది చట్టాలు హామీపత్రాన్ని కోర్టులో అమలయ్యే ఒప్పందంగా మార్చాయి. పిలిపించేవాడు తన కుటుంబాన్ని, వచ్చేవాళ్లని కలిపి లెక్కేసి, పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపించాలి. ఆమె పౌరురాలయ్యేదాకా, లేదా 40 క్వార్టర్ల పని, అంటే సుమారు పదేళ్ల పని, ఆమె లెక్కలో పడేదాకా ఆ బాధ్యత ఉంటుంది. ఆమె చనిపోయినా, శాశ్వతంగా దేశం విడిచినా పోతుంది.

చదివి చెప్తుంటే అమ్మ అడిగింది: "అంటే నాకు మనోవర్తి ఇస్తానని వాడు గవర్నమెంటుకి రాసిస్తున్నాడా?"

అవును, అదే. తులశమ్మకు మరిది ఇవ్వాల్సింది, మా అమ్మకు తమ్ముడు ఇస్తానంటున్నాడు. తేడా ఏమిటంటే ఈ పత్రం ప్రధానంగా ఆమె కోసం పుట్టలేదు, ఆమె భారం ఖజానా మీద పడకుండా పుట్టింది.

ఆ 40 క్వార్టర్ల దగ్గర కాసేపు ఆగాలి. ఈ లెక్కలో భర్త పనిచేసిన కాలం భార్యకు కలుస్తుంది. తల్లిదండ్రులు పనిచేసిన కాలం మైనరు పిల్లలకు కలుస్తుంది. కొడుకు పనిచేసిన కాలం తల్లికి కలవదు. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగానికి పోవడానికి పసిబిడ్డను ఎత్తుకుని ఇంట్లో కూర్చున్నది ఆమె. వాళ్లిద్దరి క్వార్టర్లూ ఆమె చేతుల మీదుగా నిండాయి. ఆమె ఖాతాలో సున్నా. 65 ఏళ్లు దాటి, అయిదేళ్లు వరసగా నివాసం ఉంటే మెడికేర్ కొనుక్కోవచ్చు. పని లెక్క లేనివాళ్లకు 2025లో ఆసుపత్రి భాగానికే నెలకు 518 డాలర్లు, వైద్యుల భాగానికి 185. పౌరసత్వం వచ్చాక, ఆదాయం ఆస్తి లేకపోతే ఎస్ఎస్ఐ అడగొచ్చు. 2025లో గరిష్ఠం నెలకు 967 డాలర్లు. కానీ 30 రోజులు వరసగా ఆ దేశం వెలుపల ఉంటే అది ఆగిపోతుంది. సంక్రాంతికి వచ్చి, చెల్లెలి ఇంట్లో నెలా రెండు నెలలు ఉండిపోదామంటే ఆ భృతి ఒప్పుకోదు.

అత్తగారి లెక్క ఇలా ఉంటే కోడలి లెక్క మెరుగా? హెచ్4 వీసా మీద వెళ్లిన భార్యల్లో కొందరికైనా పనిచేసే అనుమతి 2015 మే 26 నుంచే వచ్చింది. అంతకుముందు ఇంజనీరింగు పట్టా ఉన్న స్త్రీలు కూడా ఇంట్లో ఉండిపోయారు. భర్త సోషల్ సెక్యూరిటీ మీద భార్యకు సగం దాకా వచ్చే అవకాశం ఉంది. విడాకులైతే, పెళ్లయి పదేళ్లు నిండి ఉండాలి. తొమ్మిదో ఏట బయటపడిన స్త్రీకి ఆ దారి లేదు. భారతదేశం బెల్జియంతో మొదలుపెట్టి చాలా దేశాలతో సామాజిక భద్రతా ఒప్పందాలు చేసుకుంది. బెల్జియం ఒప్పందం 2009లో అమల్లోకి వచ్చింది. తెలుగువాళ్లు ఇంతమంది పనిచేస్తున్న అమెరికాతో అలాంటి ఒప్పందం లేదు. అక్కడ పదేళ్లు నిండకుండా తిరిగొచ్చిన వాళ్లు కట్టింది అక్కడే ఉండిపోతుంది.

ఇదంతా చదువుకున్న, పొలాలున్న కుటుంబాల కథ. సముద్రం దాటిన తెలుగు స్త్రీలలో ఇంకో వరస ఉంది. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్లినవాళ్లు. వాళ్లు తమ పేరుతో, తమ జీతానికి వెళ్లారు. 2015లో కువైట్ ఇంటిపనివాళ్ల చట్టం చేసింది. పని ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం లెక్కన ఇవ్వాలని అందులో ఉంది. అంతకుముందు వెళ్లివచ్చిన వాళ్లకు యజమాని దయే చట్టం. మన ప్రభుత్వం 2012లో మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన అని ఒక పథకం పెట్టింది. గల్ఫ్‌లాంటి దేశాలకు వెళ్లే చిన్న జీతగాళ్లు పెన్షన్ కోసం దాచుకుంటే ప్రభుత్వం ఏడాదికి 1000 రూపాయలు, స్త్రీలకైతే 2000 కలుపుతుంది. పరాయిదేశంలో తక్కువ జీతానికి పనిచేసే స్త్రీ ముసలితనం గురించి ఢిల్లీ ఆలోచించిన అరుదైన సందర్భం అది. చేరినవాళ్లు చాలా తక్కువ. 2017లో ఎత్తేశారు. నెల జీతమంతా ఇంటికి పంపే స్త్రీ ఏం దాస్తుంది?

కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఈ రెండు వరసలూ ఒకే గదిలో కనిపించాయి. మంచం మీద అమెరికాలో మనవళ్లను పెంచి, మోకాళ్లు అరిగి తిరిగొచ్చిన పెద్దావిడ. ఆవిడకు స్నానం చేయించి మందులేసే మనిషి రాయచోటి వైపు నుంచి వచ్చింది. కువైట్‌లో పదిహేనేళ్లు చేసింది. "ఇల్లు కట్టినా, బిడ్డ పెండ్లి చేసినా. నాకని ఏం మిగల్లేదమ్మా. ఒళ్లు పనిచేసినన్నాళ్లు ఇట్ల చేసుకుంట పోవడమే" అంది. పెద్దావిడ ఆ మాట వింటూనే ఉన్నారు. "నాకైతే జీతం కూడా లేదే" అని నవ్వారు. ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదు. ఒకరికి మంచం పట్టినా చూసే మనిషిని పెట్టే కొడుకు ఉన్నాడు, రెండో ఆమె ఆ చూసే మనిషి. ఆంధ్రప్రదేశ్ 2024లో వృద్ధాప్య పింఛను 4000 చేసింది. తెలంగాణ 2019లో 2016 రూపాయలు చేసింది. రెండో ఆమెకు రేపు దిక్కు అలాంటి పింఛనే.

నేను ఎక్కడ నిలబడి ఇది రాస్తున్నానో చెప్పాలి. నాకు 36 ఏళ్లు. డాక్టరేట్ ఉంది. గంటల లెక్కన పాఠాలు చెప్తాను. పీఎఫ్ లేదు, వేసవిలో జీతం లేదు. నాకు పిల్లలు లేరు. రేపు నాకు అఫిడవిట్ రాసిచ్చేవాళ్లెవరు? నాలాంటి వాళ్లు ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది ఉంటారు. మన ముసలితనం గురించి మనం కథల్లో రాసుకుంటాం, కాగితం మీద లెక్కగా రాసుకోం.

అందుకే మా అమ్మతో కూర్చుని కొన్ని రాశాం. నాన్న ఇల్లు అమ్మకుండా ఆమె పేరుకే మార్చాలి. ఇక్కడి ఆరోగ్య బీమా ఆపకూడదు. తమ్ముడు ప్రతినెలా ఆమె సొంత ఖాతాలో ఇంత వేయాలి, అది ఖర్చులకు కాదు. పిల్లల్ని చూసే గంటలకి అది బదులు అని వాడికి ముందే చెప్పాలి. ఆర్నెల్లు దాటి ఇక్కడ ఉండిపోతే గ్రీన్ కార్డుకి ఏమవుతుందో కనుక్కోవాలి. తిరిగి రావాలనిపిస్తే టికెట్ డబ్బు ఆమె దగ్గరే ఉండాలి.

తమ్ముడు ఫోన్లో కొంచెం నొచ్చుకున్నాడు. "అమ్మ దగ్గర ఈ లెక్కలేంటక్కా?" అన్నాడు. అమెరికా ప్రభుత్వానికి లెక్క రాసిచ్చేటప్పుడు వాడికి ఆ నొప్పి కలగలేదు. తల్లికి రాసిచ్చేటప్పుడు మాత్రం ప్రేమ అడ్డొచ్చింది. తులశమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను నేను వాడికి నా మాటల్లో చెప్పాను. అది నువ్వు ఇచ్చేది కాదు, ఆమెకు రావాల్సింది. మొదటి నెల డబ్బు మాత్రం ఆమె ఖాతాలో పడింది. వెళ్లాలా వద్దా అన్నది అమ్మ ఇంకా తేల్చలేదు.