సరిదిద్దుకునే స్వేచ్ఛ: లినక్స్ కథ, తెలుగు కథ

ఇంట్లో కుట్టుమిషన్ మొరాయిస్తే ఏం చేస్తాం? మూత తీసి చూస్తాం. దారం చిక్కుకుందా, నూనె ఆరిపోయిందా అని పరీక్షిస్తాం. మనకు చేతకాకపోతే వీధి చివరి మెకానిక్‌ను పిలుస్తాం. అంతేగాని, మిషన్ తయారుచేసిన కంపెనీ అనుమతి కోసం ఎదురుచూడం. కంప్యూటర్ విషయంలో మాత్రం చాలాకాలం ఇలా జరగలేదు. పెట్టె విప్పి మెమరీ చిప్ మార్చడం ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ దుకాణాల్లో పనిచేసే కుర్రవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. కాని ఆ పెట్టెను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను విప్పి చూసే వీలు సాధారణంగా ఎవరికీ ఉండేది కాదు.

దీనికి కారణం తెలుసుకోవాలంటే ఒక చిన్న విషయం గుర్తుంచుకోవాలి. ప్రోగ్రామును మనిషి తనకు అర్థమయ్యే భాషలో రాస్తాడు. దీన్ని సోర్స్ కోడ్ అంటారు. యంత్రానికి అర్థమయ్యేలా దాన్ని ఒకట్లు, సున్నలుగా మార్చి మనకు అమ్ముతారు. ఆ ఒకట్లు, సున్నల గుట్టను చూసి అసలు ప్రోగ్రామును ఊహించడం దాదాపు అసాధ్యం. సోర్స్ కోడ్ చేతిలో లేకపోతే లోపం ఎక్కడుందో తెలియదు, తెలిసినా దిద్దలేం. ఈ ఇబ్బంది నుంచే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే భావన పుట్టింది.

కాగితం ఇరుక్కున్న ప్రింటర్

1980 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటర్‌ను ఇచ్చింది. ప్రింటర్ ఒక అంతస్తులో, దాన్ని వాడేవారు మరో అంతస్తులో ఉండేవారు. కాగితం ఇరుక్కుంటే ఎవరికీ తెలిసేది కాదు. అక్కడ పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ అంతకుముందు ఉన్న ప్రింటర్ ప్రోగ్రామును కొంత మార్చి, కాగితం ఇరుక్కోగానే ఎదురుచూస్తున్న వారందరికీ కబురు అందేలా చేశాడు. కొత్త ప్రింటర్‌కూ అలాగే చేద్దామంటే సోర్స్ కోడ్ లేదు. అది ఉన్న మరో విశ్వవిద్యాలయంలోని శాస్త్రవేత్తను అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాటిచ్చానంటూ ఆయన నిరాకరించాడు.

స్టాల్‌మన్ 1983 సెప్టెంబరు 27న గ్నూ అనే ప్రణాళికను ప్రకటించాడు. ఎవరైనా వాడుకోగల, చదవగల, మార్చగల, పంచుకోగల ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేయడం దాని లక్ష్యం. 1989లో జి.పి.ఎల్. అనే లైసెన్సు వచ్చింది. మార్చుకోండి, పంచుకోండి, అయితే పంచినప్పుడు సోర్స్ కోడ్‌నూ అదే హక్కులతో ఇవ్వండి అన్నది దాని సారాంశం. ఒక మరమ్మతు ఆగిపోవడం ఇంత పెద్ద ఉద్యమానికి బీజం వేసిందన్నమాట!

1991: కలిసివచ్చిన సంవత్సరం

గ్నూకు కావలసిన ఉపకరణాలు ఒక్కొక్కటే సిద్ధమయ్యాయి. హార్డ్‌వేర్‌ను, ప్రోగ్రాములను కలిపి నడిపే కేంద్ర భాగం, అంటే కెర్నెల్, మాత్రం సిద్ధం కాలేదు. 1991 ఆగస్టు 25న ఫిన్లండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తానొక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని ప్రకటించాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. సెప్టెంబరులో విడుదలైన తొలి రూపంలో సుమారు పదివేల పంక్తులున్నాయి. 1992లో దాన్ని జి.పి.ఎల్. కిందికి మార్చడంతో లినక్స్ కెర్నెల్, గ్నూ ఉపకరణాలు కలిసి పూర్తి వ్యవస్థగా రూపొందే దారి ఏర్పడింది.

అదే 1991లో మన భాషలకు సంబంధించి మరో రెండు పరిణామాలు జరిగాయి. ఢిల్లీలోని భారత ప్రమాణాల సంస్థ, భారతీయ లిపులను కంప్యూటర్‌లో నిల్వచేసే ఇస్కీ సంకేత పద్ధతిని జాతీయ ప్రమాణంగా ఆమోదించింది. ప్రపంచ లిపులన్నిటికీ ఒకే సంకేత పట్టిక ఇవ్వదలచిన యూనికోడ్ తొలి రూపమూ వెలువడింది. యూనికోడ్ మన లిపులకు ఇస్కీలోని వరుసక్రమాన్నే తీసుకుంది. అందుకే దేవనాగరి ‘క’ సంఖ్య 0915 అయితే, తెలుగు ‘క’ సంఖ్య 0సి15. చివరి రెండు అంకెలూ ఒకటే! ఈ పోలిక వల్ల ఒక భారతీయ లిపి కోసం చేసిన పని మరో లిపికి చాలావరకు అక్కరకు వచ్చింది.

పత్రికతో వచ్చిన సీడీ

లినక్స్ ఉచితమే. కాని అది భారతీయ విద్యార్థి చేతికి అందడమెలా? మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా వచ్చింది. సెకనుకు 9,600 బిట్ల వేగంతో 650 మెగాబైట్ల సీడీని దించుకోవాలంటే సుమారు 150 గంటలు పడుతుంది. అంటే ఆరు రోజులకు పైమాటే, అదీ టెలిఫోన్ లైను ఒక్కసారీ తెగకపోతే!

ఈ చిక్కుకు పత్రికలు పరిష్కారం చూపాయి. ఢిల్లీ ప్రాంతానికి చెందిన సైబర్ మీడియా సంస్థ ప్రచురించిన పీసీక్వెస్ట్ పత్రిక 1996లో స్లాక్‌వేర్ లినక్స్ సీడీని సంచికతో పాటు పాఠకులకు పంచింది. తరువాతి సంవత్సరాల్లోనూ ఇటువంటి సీడీలు ఇచ్చింది. సీడీలు చేతులు మారాయి. కాలేజీ హాస్టళ్లలో ఒకరి నుంచి మరొకరికి వెళ్లాయి. అలా పంచుకోవడం చట్టబద్ధమే కావడం ఇందులోని విశేషం.

అయితే ఆనాటి లినక్స్‌ను నిలబెట్టడం అంత తేలిక కాదు. తెరపై బొమ్మలు కనిపించాలంటే మానిటర్ పౌనఃపున్యాల సంఖ్యలను వాడేవారే ఫైల్లో రాయాలి. తప్పు సంఖ్యలు రాస్తే కొన్ని పాత మానిటర్లు దెబ్బతినే ప్రమాదం కూడా ఉండేది. చౌకగా దొరికే మోడెమ్‌లలో చాలావాటికి లినక్స్‌లో పనిచేసే డ్రైవర్ ఉండేది కాదు. అందుకే ఢిల్లీలోనూ, హైదరాబాదులోనూ, ఇతర నగరాల్లోనూ లినక్స్ వాడుకరుల బృందాలు ఏర్పడ్డాయి. సభ్యులు ఒకరి యంత్రాన్ని మరొకరు బాగుచేసుకునేవారు. లినక్స్‌లో అమరికలు చాలావరకు మామూలు పాఠ్య ఫైళ్లలో ఉంటాయి. ఫైలుకు నకలు తీసి పెట్టుకోవడం, ఒకసారికి ఒక్కటే మార్చడం, ఫలితం చూడటం, తప్పయితే నకలును తిరిగి పెట్టడం వారి పద్ధతి. ప్రయోగశాలలో మనం నేర్చుకునే పద్ధతీ ఇదే కదా!

‘స్త్రీ’ ఎందుకు విడిపోయింది?

ఇప్పుడు తెలుగు దగ్గరకు వద్దాం. ‘స్త్రీ’ అనే అక్షరం మన కంటికి ఒక్కటే. కంప్యూటర్‌కు మాత్రం అది ఆరు సంకేతాలు: స, విరామం, త, విరామం, ర, ఈత్వం. ఆంగ్లంలో ఒక సంకేతానికి ఒక ఆకారం గీస్తే సరిపోతుంది. తెలుగులో ఆరు సంకేతాలను చదివి, ఏ హల్లు వత్తుగా మారాలో, గుడి ఎక్కడ పడాలో లెక్కగట్టి ఒకే రూపం కూర్చాలి. ఈ పని చేసే ప్రోగ్రామును షేపింగ్ ఇంజన్ అంటారు.

తెలుగు సరిగా కనిపించకపోతే దోషం ఎక్కడుందో లక్షణాన్ని బట్టి గుర్తించవచ్చు. అక్షరాలకు బదులు ఖాళీ గళ్లు కనిపిస్తే సాధారణంగా తెలుగు ఫాంట్ లేదని అర్థం. అక్షరాలున్నా వత్తులు కిందికి చేరక విడివిడిగా నిలబడితే షేపింగ్ జరగడం లేదు. తెలుగు స్థానంలో అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు వస్తే సంకేత పద్ధతే వేరు. 1990లలో మూడవ జబ్బు సర్వసాధారణం. ఒక్కొక్క ప్రచురణ సాఫ్ట్‌వేర్‌కు ఒక్కొక్క సొంత సంకేత పద్ధతి ఉండేది. ఒకదానిలో టైపు చేసిన వ్యాసం మరొకదానిలో గజిబిజిగా మారేది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఈ మూడింటికీ క్రమంగా మందు సమకూర్చుకుంది. సంకేతాలకు యూనికోడ్ ఉంది. ఫాంట్ల విషయంలో, విదేశంలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్ లినక్స్‌లో భాగమయ్యాయి. రెడ్ హ్యాట్ సంస్థ అందించిన లోహిత్ ఫాంట్ల కుటుంబంలోనూ తెలుగు చేరింది. షేపింగ్ పనిని 2002లో విడుదలైన గ్నోమ్ 2 డెస్క్‌టాప్‌లో పాంగో చేపట్టింది. తరువాత హార్ఫ్‌బజ్ అనే ఇంజన్ వచ్చింది. లినక్స్ డెస్క్‌టాప్‌లే కాక ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ కూడా దీన్ని వాడుతున్నాయి. తెలుగువారు ఫోన్‌లో చదివే ఎన్నో పదాలను ఇప్పుడు కూర్చిపెడుతున్నది ఈ ఇంజనే.

ఇందులో యాజమాన్య సాఫ్ట్‌వేర్ పాత్ర లేదనడం అన్యాయం. విండోస్ ఎక్స్‌పి 2001లోనే గౌతమి ఫాంట్‌తో తెలుగును తెచ్చింది. తేడా మరోచోట ఉంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరంతో కూడిన ఒక సంకేత వరుస వచ్చిన ఐఫోన్‌లలో కొన్ని యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసింది. అంతవరకు, ‘జ్ఞా’ను బాల్యంలోనే దిద్దుకున్న కోట్ల తెలుగువారిలో కంపెనీ బయట ఉన్న ఏ ఒక్కరికీ ఆ కోడ్‌ను తెరిచి దిద్దే వీలు లేదు.

తెలుగు మాట్లాడే తెర

అక్షరాలు కనిపిస్తే సరిపోదు, మెనూలూ సందేశాలూ తెలుగులో ఉండాలి. లినక్స్‌లో ఇవి ప్రత్యేక అనువాద ఫైళ్లలో ఉంటాయి. పైన ఆంగ్ల వాక్యం, కింద దాని అనువాదం. ప్రోగ్రామింగ్ రాని భాషాభిమాని కూడా ఇందులో పాలుపంచుకోవచ్చు.

ఢిల్లీ రాజ్‌పూర్ రోడ్డులోని వికాసశీల సమాజాల అధ్యయన కేంద్రంలో 2000లో మొదలైన సరాయ్ కార్యక్రమం హిందీ డెస్క్‌టాప్ అనువాదానికి చేయూతనిచ్చింది. 2001లో ‘అంకుర్’ సంస్థతో కలిసి ఢిల్లీలోని ఎల్.ఎన్.జె.పి. బస్తీలో యువతీయువకుల కోసం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్ గదిని నెలకొల్పింది. తెలుగునాట 2005లో హైదరాబాదు కేంద్రంగా ‘స్వేచ్ఛ’ సంస్థ ఏర్పడింది. ఇంజనీరింగ్ విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి అదే పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేశారు. ఈ పనిలో ఎదురయ్యే చిక్కులు చిత్రమైనవి. ఫైలును ‘ఫైలు’ అనాలా, ‘దస్త్రం’ అనాలా? మొదటిది అందరికీ తెలుసు. రెండవది మన కచేరీలలో ఏనాటి నుంచో నలిగిన మాట. నిర్ణయం ఏదైనా, దాన్ని తీసుకున్నది తెలుగువారే.

రాజధానిలో మారిన ఆలోచన

ఢిల్లీలోని ప్రభుత్వ వ్యవస్థ కూడా క్రమంగా ఇటు చూసింది. 2002 నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో అబ్దుల్ కలాం, మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్ సమావేశమయ్యారు. సాఫ్ట్‌వేర్ భద్రతపై తమ అభిప్రాయాలు కలవలేదని కలాం 2003 మే 28న పుణే ప్రసంగంలో చెప్పారు. భారతదేశం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను విరివిగా చేపట్టాలని అదే ప్రసంగంలో కోరారు. 2005లో కేంద్ర ప్రభుత్వ భాషా సాంకేతిక కార్యక్రమం తెలుగు ఫాంట్లు, ఉపకరణాల సీడీని ఉచితంగా పంచింది. 2007లో సీడాక్ సంస్థ డెబియన్ ఆధారంగా బాస్ అనే భారతీయ రూపాన్ని విడుదల చేసింది. 2015 మార్చిలో ప్రభుత్వ పనుల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిచ్చే విధానం వెలువడింది. రక్షణ మంత్రిత్వ శాఖ తన కంప్యూటర్లలో ఉబుంటు ఆధారంగా రూపొందిన ‘మాయా’ను పెడుతున్నదని 2023 ఆగస్టులో వార్తలు వచ్చాయి. పరాయి చేతిలోని తాళంచెవితో సొంత ఇంటికి కాపలా కాయడం కష్టమన్న ఆలోచనే దీని వెనుక ఉంది.

తలుపు తెరిచి ఉంటే చాలదు

సోర్స్ కోడ్ బహిరంగంగా ఉన్నంత మాత్రాన లోపాలు వాటంతటవే మాయం కావు. ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే ప్రసిద్ధ భద్రతా సాఫ్ట్‌వేర్‌లో 2012లో విడుదలైన ఒక పొరపాటు, ‘హార్ట్‌బ్లీడ్’ పేరుతో 2014 ఏప్రిల్‌లో గాని లోకానికి తెలియలేదు. రెండేళ్లపాటు ఆ కోడ్ అందరి కళ్ల ముందే ఉంది! తెలుగు అనువాదాలకూ ఇదే వర్తిస్తుంది. కొత్త రూపం వచ్చినప్పుడల్లా కొత్త వాక్యాలు చేరతాయి. అనువదించేవారు లేకపోతే తెలుగు తెరపై మళ్లీ ఆంగ్లం తొంగిచూస్తుంది. ఊరి చెరువుకు ఏటా పూడిక తీసినట్లే ఈ పనీ ఏటా చేయాలి.

లినక్స్‌ను చాలామంది ఉచితమని వాడతారు. అది మంచి లాభమే కాని దాని అసలు విలువ వేరు. ‘స్త్రీ’ విడిపోతే ఎందుకు విడిపోయిందో తెలుసుకునే వీలు, దిద్దిన పాఠాన్ని పదిమందికీ పంచే వీలు అందులో ఉన్నాయి. ఈ వ్యాసం చదివే విద్యార్థులు ఒక చిన్న ప్రయత్నం చేయవచ్చు. మీ కళాశాలలోని పాత కంప్యూటర్‌పై, అధ్యాపకుల అనుమతితో, పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌ను నడిపి చూడండి. తెరను తెలుగులోకి మార్చండి. తప్పుగా అనిపించిన ఒక్క మాటను గుర్తించి, ఎలా ఉండాలో రాసి అనువాద బృందానికి పంపండి. అది అంగీకరించబడితే తరువాతి రూపంలో ఎక్కడో ఉన్న తెలుగు విద్యార్థి తెరపై మీరు దిద్దిన మాటే కనిపిస్తుంది.